"సస్టైనబుల్" బ్రాండ్‌కి మోడల్‌గా ఒప్పుకునే ముందు ఏం అడగాలి? తిరుపతి చెల్లెలికి నా జవాబు

చెల్లీ, నీ ప్రశ్న కొంచెం పొడుగ్గా ఉంది కాబట్టి మిగతావాళ్ళకి కూడా అర్థమయ్యేట్టు క్లుప్తంగా మళ్ళీ రాస్తున్నా. నువ్వు తిరుపతిలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదువుతున్నావు, ఇప్పటిదాకా కొన్ని చీరల షాపులకి ఫోటోషూట్‌లు చేశావు, రంగు తక్కువ అని ఇంట్లోనూ బయటా అనిపించుకున్నావు, ఎత్తు 5 అడుగుల 4 అంగుళాలు. ఇప్పుడొక ఆన్‌లైన్ బట్టల బ్రాండ్ వాళ్ళు ఫోన్ చేసి, మా సస్టైనబుల్, అంటే పర్యావరణానికి హాని చేయని ఎకో ఫ్రెండ్లీ కలెక్షన్‌కి నువ్వే ఫేస్, నీ స్కిన్ టోన్ మాకు కరెక్ట్‌గా సరిపోతుంది, పర్యావరణం గురించి రెండు మూడు రీల్స్‌లో మాట్లాడాలి అన్నారు. ఒప్పుకోవచ్చా, నాలాంటిదాని మాట ఎవరన్నా వింటారా, ముందు పేరు తెచ్చుకుని ఆ తర్వాత ఇవన్నీ మాట్లాడితే మేలా అని అడిగావు.

నా జవాబు ముందే చెప్పేస్తా. ఇప్పుడే ఒప్పుకోవద్దు, అట్లని కాదని కూడా చెప్పొద్దు. ఆ బట్ట ఎవరు నేశారు, యాడ అద్దారు, అద్దిన నీళ్ళు యాడికి పోతా ఉన్నాయి అనేది రాతపూర్వకంగా అడుగు. వాళ్ళిచ్చే జవాబుని బట్టి నిర్ణయించుకో. పర్యావరణం కోసం, అన్ని రకాల మనుషుల కోసం మాట్లాడే మోడల్ అనిపించుకోవాలంటే మొదలుపెట్టాల్సింది స్టేజి మీద కాదు, ఈ ప్రశ్నలు అడిగే చోట.

నేనెవరు ఇదంతా చెప్పడానికి అంటే, మాది పుత్తూరు పక్క మగ్గాల ఇల్లు. నాయన లుంగీలు నేసేవాడు, అమ్మ కండెలు చుట్టేది. నేను చెన్నైలో యాడ్ షూట్‌లకి కాస్ట్యూమ్స్ చూసే పనిలో చేరి, తర్వాత మోడల్స్‌ని మాట్లాడి పెట్టే పని కూడా చేశా, ఇప్పుడు తిరుపతిలోనే ఉండి చీరల షాపులకి, చిన్న బ్రాండ్లకి షూట్‌లు చేయిస్తా ఉన్నా. బట్ట తయారయ్యే చోటూ తెలుసు, బట్టని అమ్మే ఫోటో తయారయ్యే చోటూ తెలుసు, ఆ రెండిటి మధ్య ఎంత దూరం ఉందో కూడా తెలుసు.

ముందు రంగు సంగతి మాట్లాడుకుందాం, ఎందుకంటే నీ ప్రశ్నలో ఎక్కువ బాధ దాని దగ్గరే కనపడింది నాకు. లీలామహల్ సర్కిల్ దగ్గర నిలబడి చుట్టూ ఉండే ఫ్లెక్సీలు చూడు, నగల షాపుకీ చీరల షాపుకీ ఆఖరికి అపార్ట్‌మెంట్ల యాడ్‌కి కూడా పాలరంగు అమ్మాయే ఉంటుంది, అదే గాంధీ రోడ్డులోకి పోయి చీరలు బేరమాడే ఆడవాళ్ళని చూస్తే ఆ రంగు వెతికినా దొరకదు. షాపు ఓనర్లని ఎన్నోసార్లు అడిగినా, "కస్టమర్లు ఇష్టపడరు మేడమ్" అంటారు. ఇష్టపడతారో లేదో ఒక్కసారి కూడా పెట్టి చూడకుండా చెప్పే మాట అది. సూరత్ నుంచి చీరలతో పాటు వచ్చే కేటలాగ్ ఫోటోనే ఫ్లెక్సీకి ఎక్కించేస్తారు, ఎప్పుడన్నా మన అమ్మాయిని తీసుకున్నా కంప్యూటర్లో రెండు షేడ్లు తెల్లగా చేసేస్తారు, ఆ అమ్మాయి వాళ్ళమ్మే ఫ్లెక్సీ చూసి గుర్తుపట్టలేనంతగా.

అట్లని తప్పంతా మనూరి షాపులదే అనలేం, ఇది పైనుంచి దిగొచ్చిన వ్యవహారం. అమెరికాలో కామెరాన్ రసెల్ అని ఒక మోడల్ 2012 లో టెడ్ అనే ప్రసంగాల వేదిక మీద ఒక లెక్క చెప్పింది. 2007 లో ఒక పీహెచ్‌డీ విద్యార్థి ర్యాంప్ మీద పని దొరికిన మోడల్స్‌ని లెక్కపెడితే మొత్తం 677 మందిలో తెల్లవాళ్ళు కానివాళ్ళు 27 మంది తేలారు, 4 శాతం కూడా లేరు. ఈ మాట చెప్పిన కామెరాన్ తెల్లమ్మాయే, తనకి ఇంత పని దొరికింది పుట్టుకతో వచ్చిన అదృష్టం వల్లనే అని తనే ఒప్పుకుంది, అందుకే ఆ మాటకి అంత బరువు వచ్చింది. మరుసటేడు, 2013 లో, బెథాన్ హార్డిసన్, నయోమీ క్యాంప్‌బెల్, ఇమాన్ అనే ముగ్గురు నల్లజాతి మోడల్స్ కలిసి న్యూయార్క్, లండన్, మిలాన్, పారిస్ ఫ్యాషన్ కౌన్సిళ్ళకి ఉత్తరాలు రాశారు, నల్లజాతి మోడల్‌ని అసలే పెట్టుకోని, పెట్టుకున్నా ఒక్కరితో సరిపెట్టిన డిజైనర్ల పేర్లతో సహా. మాకూ అవకాశం ఇవ్వండి అని బతిమాలలేదు చూడు, లెక్క తీశారు, పేర్లు చెప్పారు. ఉద్యమం అంటే నాకు అదే.

ఇంగ అలెక్ వెక్ గురించి నీకు తెలిసే ఉంటుంది, దక్షిణ సూడాన్ అమ్మాయి, యుద్ధం తప్పించుకుని 1991 లో లండన్ చేరింది, 1997 లో ఎల్ పత్రిక అమెరికా ఎడిషన్ కవర్ మీదకి వచ్చింది. నిగనిగలాడే నలుపు, తలకి అంటుకుపోయినట్టు కత్తిరించిన జుట్టు. ఆమెని చూసే "నేనూ అందంగానే ఉన్నా" అనుకున్న ఆడపిల్లలు ఎంతమందో. జుట్టు మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి చెప్తా, మన తిరుపతి గురించి నాకు భలే గర్వంగా ఉండేది ఇదే: ప్రపంచంలో ఏ ఊర్లో చూసినా గుండుతో ఆడమనిషి కనపడితే తిరిగి చూస్తారు, మన బస్టాండులో పసిపిల్ల నుంచి ముసలామె దాకా గుండుతో తిరుగుతా ఉంటే ఎవరూ తల తిప్పి చూడరు. పెద్ద జడ లేకపోతే అందం లేదు అనే మాటని మనూరు ఎప్పుడో దాటేసింది. కల్యాణకట్టలో సమర్పించిన ఆ తలనీలాలే వేలంలో అమ్ముడుపోయి విగ్గులుగా, హెయిర్ ఎక్స్‌టెన్షన్లుగా ఎక్కడెక్కడి ఆడవాళ్ళ తలల మీదకో చేరుతున్నాయి. ఒక మంచి డాక్యుమెంటరీ రీల్‌కి సరిపోయే విషయం ఇది, ఎవరన్నా గౌరవంగా తీస్తే బాగుండు అని నాకు శానా రోజులుగా ఉంది.

మన దేశంలో ఏం జరిగిందో కూడా తెలుసుకుని పెట్టుకో, ఎవరన్నా వాదనకి దిగితే పనికొస్తుంది. ఫెయిర్ అండ్ లవ్లీ 1975 లో వచ్చింది. చెన్నైలో కవితా ఇమ్మాన్యుయేల్ నడిపే విమెన్ ఆఫ్ వర్త్ వాళ్ళు 2009 లో డార్క్ ఈజ్ బ్యూటిఫుల్ అనే ప్రచారం మొదలుపెట్టారు, 2013 లో నందితా దాస్ దాంట్లో చేరాక దేశమంతా మాట్లాడుకున్నారు. 2014 లో యాడ్స్ పరిశ్రమ వాళ్ళ సొంత సంస్థ యాస్కీ, నల్లగా ఉండేవాళ్ళకి ఉద్యోగం రాదు, పెళ్ళి కాదు, ఏడుస్తా ఉంటారు అన్నట్టు చూపించే ప్రకటనలు కుదరవు అని రూల్ పెట్టింది. 2020 లో ఆ క్రీము పేరులోంచి "ఫెయిర్" పోయి గ్లో అండ్ లవ్లీ అయింది. అంటే 2009 లో చెన్నైలో ఒక చిన్న సంస్థ మొదలుపెట్టిన పని ఊరికే పోలేదు. 2021 లో లోరియల్ ప్యారిస్ వాళ్ళు నిధి సునీల్ అనే చామనఛాయ అమ్మాయిని అంబాసిడర్‌గా తీసుకున్నారు, ఆర్కిటెక్చర్ చదివి మోడలింగ్‌లోకి వచ్చిన పిల్ల. దారి సన్నదే, కానీ ఉంది.

ఎత్తు గురించి ఎక్కువ చెప్పను. ర్యాంప్‌కి 5 అడుగుల 8 అంగుళాల దగ్గర్నుంచి అడుగుతారు, అది నీది కాదు, వదిలెయ్. ప్రింట్, కేటలాగ్, రీల్స్, నగలు, వీటికి ఎత్తు అడ్డం కాదు. షూట్‌కి పోయేటప్పుడు మాత్రం నీ షేడ్ ఫౌండేషన్ నువ్వే కొనుక్కుని బ్యాగులో పెట్టుకుని పో, మన దగ్గర శానామంది మేకప్ వాళ్ళ కిట్టులో ఉండేవి తెల్లటి షేడ్లే, అది పూస్తే బూడిద పూసినట్టు అవుతుంది, ఆ తర్వాత ఫోటో బాగలేదని నింద నీ రంగు మీదకి వస్తుంది. కాంట్రాక్టులో ఒక లైను రాయించుకో: "ఫోటోల్లో, వీడియోల్లో మోడల్ చర్మం రంగుని మార్చరాదు." నీ స్కిన్ టోనే కావాలన్నారు గదా, మరి ఈ లైనుకి సంతోషంగా ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే అక్కడే తెలిసిపోతుంది నీకు.

ఇంకోటి కూడా చూసుకో. మొత్తం వెబ్‌సైటులో పది మంది మోడల్స్ ఉంటే నలుపు నువ్వొక్కదానివేనా? నిన్ను ఈ ఒక్క "ఎకో" పేజీలో పెట్టి, పట్టుచీరలు, పార్టీ వేర్ పేజీల్లో మళ్ళీ పాలరంగు పిల్లలేనా? ఇది నేను శానా చోట్ల చూశా. మట్టికుండలు, చేనేత, పల్లెటూరు, ఆర్గానిక్ అనగానే నల్లమ్మాయి గుర్తొస్తుంది, వజ్రాల నెక్లెస్ అనగానే గుర్తురాదు. నాకు దాంట్లో గౌరవం కనపడదు, నలుపంటే పేదరికమే అన్న పాత లెక్కే కనపడుతుంది. కాబట్టి అడుగు, మర్యాదగానే అడుగు, "నన్ను మిగతా కలెక్షన్లకి కూడా తీసుకుంటారా" అని.

ఇప్పుడు అసలు సంగతి, ఆ "సస్టైనబుల్" అనే మాట. వాళ్ళు నీకు పంపిన మెసేజ్‌లో నాలుగు మాటలు ఉన్నాయన్నావు, ఆర్గానిక్ కాటన్, బ్యాంబూ ఫ్యాబ్రిక్, రీసైకిల్డ్ పాలిస్టర్, నేచురల్ డై. ఒక్కోటి చూద్దాం, నువ్వు కెమిస్ట్రీ పిల్లవి కాబట్టి నాకంటే నీకే త్వరగా అర్థమవుతుంది.

ఆర్గానిక్ కాటన్ అంటే సర్టిఫికెట్ ఉండాలి. ఎక్కువ నడిచేది గాట్స్ (గ్లోబల్ ఆర్గానిక్ టెక్స్‌టైల్ స్టాండర్డ్) సర్టిఫికెట్, దానికి కనీసం 70 శాతం ఆర్గానిక్ నార ఉండాలి, పూర్తిగా ఆర్గానిక్ అని లేబుల్ వేయాలంటే 95 శాతం. అది నూలు దగ్గర ఆగిపోయేది కాదు, రంగులు, నీళ్ళ శుద్ధి, పనివాళ్ళ పరిస్థితులు కూడా చూస్తారు. సర్టిఫికెట్ ఎవరి పేరు మీద ఉందో ఆన్‌లైన్లో వెతుక్కోవచ్చు, కాబట్టి నంబర్ ఇవ్వమని అడుగు. "మా సప్లయర్ దగ్గర ఉంది" అంటే ఆ సప్లయర్ పేరు అడుగు. బ్యాంబూ ఫ్యాబ్రిక్ అని మెత్తగా జారిపోయేట్టు ఉండేది దాదాపు అన్నిసార్లూ విస్కోసే, వెదురు గుజ్జుని కాస్టిక్ సోడాలో, కార్బన్ డైసల్ఫైడ్‌లో కరిగించి దారం తీస్తారు, ఆ కార్బన్ డైసల్ఫైడ్ ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్ళ నరాల్ని ఏం చేస్తుందో నీ టెక్స్ట్‌బుక్‌లోనే చూడు. వెదురు పచ్చగా ఉందని బట్ట పచ్చగా ఉన్నట్టు కాదు. రీసైకిల్డ్ పాలిస్టర్ ఎక్కువగా తాగిపడేసిన నీళ్ళ సీసాల నుంచి వస్తుంది, కొత్త పెట్రోలియం వాడకం తగ్గుతుంది, అది మంచిదే, కానీ ఉతికిన ప్రతిసారీ సన్నటి ప్లాస్టిక్ పోగులు నీళ్ళలోకి పోవడం మాత్రం ఆగదు. అదీ చెప్పి ఇదీ చెప్తే అది నిజం, ఒకటే చెప్తే అది యాడ్.

నేచురల్ డై దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతా, ఎందుకంటే ఇది మన జిల్లా సొత్తు. వాళ్ళ కలెక్షన్‌లో "కలంకారీ" కూడా ఉందన్నావు గదా. శ్రీకాళహస్తి కలంకారీ అంటే ఏందో ఒక్కసారి పోయి చూసిరా, తిరుపతి నుంచి గంట ప్రయాణం కూడా లేదు. గాడా అనే ముతక నూలు బట్టని కరక్కాయ, గేదెపాలు కలిపిన దాంట్లో ముంచి ఎండబెడతారు, వెదురు కలానికి ఉన్ని గుడ్డ చుట్టి, తుప్పుపట్టిన ఇనుము, బెల్లం కలిపి రోజుల తరబడి పులియబెట్టిన కసింతో నల్లగీత గీస్తారు, పటిక పూసిన చోటే ఎరుపు పట్టేట్టు ఉడికిస్తారు, మధ్యమధ్యలో పారే నీళ్ళలో జాడిస్తారు. ఇనుముకీ కరక్కాయలో ఉండే ట్యానిన్‌కీ మధ్య జరిగే రసాయన చర్య అది, నీకు లాబ్‌లో తెలిసినదాన్ని వాళ్ళు తరాల నుంచి చేత్తో చేస్తా ఉన్నారు. ఈ విద్య 1950ల్లో అంతరించిపోయే స్థితికి వస్తే కమలాదేవి ఛటోపాధ్యాయ పూనుకుని కాళహస్తిలో శిక్షణ కేంద్రం పెట్టించింది. అక్కడి కళాకారుడు జొన్నలగడ్డ గుర్రప్ప చెట్టి గారికి 2008 లో పద్మశ్రీ వచ్చింది. ఇది ఆ ఊరి సరుకే అని చెప్పే జీఐ గుర్తింపు కూడా ఉంది. ఒక మంచి చీర గీయడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. మరి ఆన్‌లైన్లో ఎనిమిది వందలకి వచ్చే కలంకారీ ఏంది? మిల్లు బట్ట మీద స్క్రీన్ ప్రింటు, రసాయన రంగులు. ఆ ప్రింటు వేసుకోవద్దని నేను చెప్పను, అందరూ వేలు పెట్టి కొనలేరు, కానీ దాన్ని చేత్తో గీసిందని, నేచురల్ డై అని నీ నోటితో చెప్పిస్తే అది కాళహస్తిలో కలం పట్టుకుని కూర్చున్న మనిషి అన్నం లాక్కున్నట్టు.

నేచురల్ అన్నంత మాత్రాన నీళ్ళ సమస్య తీరిపోదు కూడా. అంతసార్లు ఉతకాలి, స్వర్ణముఖిలో నీళ్ళు పారే రోజులేమో తక్కువ. కొన్నిచోట్ల రంగు నిలవడానికి పటిక బదులు రాగి, క్రోమియం లవణాలు వాడతారు, అప్పుడు ఆ నీళ్ళలో ఏం మిగులుతుందో నీకు నేను చెప్పక్కర్లేదు.

రసాయన రంగుల మాటకొస్తే మా పక్కకి రా, నగరి, పుత్తూరు, ఏకాంబరకుప్పం, ఇంటింటికీ పవర్‌లూమ్‌ల చప్పుడు. నూలుకి రియాక్టివ్ రంగులు పట్టించడానికి ఉప్పు ఎక్కువగా పోయాలి, అయినా రంగంతా దారానికి పట్టదు, మిగిలిన రంగూ ఆ ఉప్పంతా నీళ్ళతోనే బయటికి పోతుంది. రంగు కంటికి కనపడుతుంది కాబట్టి గొడవ చేస్తారు, ఉప్పు కనపడదు, అది బోరులోకి దిగుతుంది. తమిళనాడులో తిరుప్పూరు పరిస్థితి చూడు, నొయ్యల్ నది పాడైపోయిందని రైతులు ఏళ్ళ తరబడి కోర్టుల చుట్టూ తిరిగితే 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు అద్దకం యూనిట్లని మూసేయమంది. రాత్రికి రాత్రి వందల యూనిట్లు మూతపడి వేలమందికి పని పోయింది. తర్వాత ఒక్క చుక్క బయటికి వదలకుండా శుద్ధి చేసుకునే పద్ధతి పెట్టుకున్నవాళ్ళే మళ్ళీ తెరుచుకున్నారు, ఆ శుద్ధికి కరెంటు, డబ్బు రెండూ బాగా అవుతాయి. ఇది ఎందుకు చెప్తున్నానంటే, చవగ్గా అమ్మే బట్టలో ఆ శుద్ధి ఖర్చు ఎవరు పెట్టారు అనేది అడగాల్సిన ప్రశ్న. ఎవరూ పెట్టలేదంటే రైతు పెట్టినట్టు, బోరు నీళ్ళు తాగేవాళ్ళు పెట్టినట్టు. మగ్గాలవాళ్ళని విలన్లని చేయడం కూడా నాకు ఇష్టం లేదు, ఒక లుంగీ మీద వాళ్ళకి మిగిలేదానితో శుద్ధి ప్లాంటు కట్టమంటే ఎవరి వల్లా కాదు, ఉమ్మడి ప్లాంట్లు కావాలి, దానికి ప్రభుత్వం, పెద్ద కొనుగోలుదారులు కదలాలి. మోడల్‌గా నువ్వు ఒత్తిడి పెట్టగలిగేది ఆ పెద్ద కొనుగోలుదారుల మీదే, అంటే బ్రాండ్ల మీద.

అందుకే నేను అంటా ఉన్నా, డైవర్సిటీ, అంటే అన్ని రకాల మనుషులకీ చోటివ్వడం అనేది నీ రంగు దగ్గర ఆగకూడదు. ఫోటోలో నువ్వు కనపడతావు, కండెలు చుట్టే ఆమె కనపడదు, రంగుతొట్టిలో చేతులు పెట్టే ఆయన కనపడడు. 2013 ఏప్రిల్ 24 న బంగ్లాదేశ్‌లో రానా ప్లాజా అనే బట్టల ఫ్యాక్టరీల భవనం కూలి 1,134 మంది చనిపోయినప్పుడు శిథిలాల్లో దొరికిన లేబుళ్ళు చూస్తే గానీ అక్కడ ఏ బ్రాండ్లకి బట్టలు కుడుతున్నారో లోకానికి తెలియలేదు. "నా బట్టలు ఎవరు కుట్టారు" అని అడిగే ఫ్యాషన్ రెవల్యూషన్ ఉద్యమం ఆ తర్వాతే పుట్టింది. నువ్వు ఒక షరతు పెట్టు: ఆ రీల్స్‌లో ఒకటి నేతగాళ్ళ దగ్గరే తీయాలి, వాళ్ళ పేరు స్క్రీన్ మీద వేయాలి, ఆ రోజు కూలి కూడా వాళ్ళకి ఇవ్వాలి. మంచి బ్రాండ్ అయితే ఎగిరి గంతేస్తుంది, ఎందుకంటే వాళ్ళకి దాచేదేం ఉండదు. వెంకటగిరిలో, కాళహస్తిలో నేరుగా నేతవాళ్ళతో పనిచేసే చిన్న బ్రాండ్లతో నేను షూట్‌లు చేశా, వాళ్ళు మగ్గం గుంటలో కూర్చున్న మనిషి ఫోటోనే ముందు పెట్టమంటారు.

ఇవన్నీ అడిగితే పొగరు అనుకుంటారేమో అని భయపడతావేమో, అడగడం నీ హక్కే కాదు, నీకు రక్షణ కూడా. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో తప్పుదోవ పట్టించే ప్రకటన చేసిన కంపెనీకే కాదు, దాంట్లో కనపడి సిఫారసు చేసినవాళ్ళకి కూడా 10 లక్షల దాకా జరిమానా వేయొచ్చు, మళ్ళీ చేస్తే 50 లక్షల దాకా. సంవత్సరం పాటు ఏ సరుకునీ ప్రచారం చేయకుండా నిషేధం పెట్టొచ్చు, రెండోసారి అయితే 3 ఏళ్ళు. అదే చట్టంలో, ముందే తగినంత విచారించుకున్నవాళ్ళకి ఆ జరిమానా ఉండదని కూడా రాసుంది. నువ్వు పంపిన ఈమెయిలు, వాళ్ళిచ్చిన జవాబు, సర్టిఫికెట్ కాపీ, ఇవే నీ విచారణకి రుజువు, అందుకే వాట్సాప్ వాయిస్ మెసేజుల్లో కాకుండా ఈమెయిల్లో అడగమంటున్నా. 2024 అక్టోబర్‌లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ గ్రీన్‌వాషింగ్, అంటే పర్యావరణానికి మంచిదని ఉత్తుత్తిగా చెప్పుకోవడం మీద ప్రత్యేకంగా గైడ్‌లైన్స్ కూడా ఇచ్చింది, ఎకో ఫ్రెండ్లీ, గ్రీన్, నేచురల్ లాంటి మాటలు ఊరికే వాడకూడదు, ఆధారం చూపించాలి. రీల్‌కి డబ్బులు తీసుకుంటే అది యాడ్ అని స్పష్టంగా లేబుల్ వేయాలి, 2021 నుంచి యాస్కీ రూల్ అది, వాళ్ళు వద్దన్నా నువ్వు వెయ్.

ముందు పేరు తెచ్చుకుని తర్వాత మాట్లాడాలా అన్నావు. కాదమ్మా. పేరొచ్చాక మాట్లాడదాం అనుకున్నవాళ్ళు పేరొచ్చాక కాంట్రాక్టులకి భయపడి మాట్లాడరు, నేను కళ్ళారా చూశా. న్యూయార్క్‌లో సారా జిఫ్ మోడల్‌గా పనిచేస్తానే, మోడల్స్‌కి డబ్బులు ఎగ్గొట్టడం, చిన్నపిల్లల్ని వేధించడం, ఇవన్నీ బయటపెట్టి 2012 లో మోడల్ అలయన్స్ అని సంస్థ పెట్టింది. పన్నెండేళ్ళు పట్టింది, 2024 డిసెంబర్‌లో అక్కడ ఫ్యాషన్ వర్కర్స్ యాక్ట్ మీద గవర్నర్ సంతకం పెట్టింది. ఏజెన్సీ వాళ్ళు మోడల్ దగ్గర డిపాజిట్, చేరిక ఫీజు తీసుకోకూడదు, రాతపూర్వక అనుమతి లేకుండా మోడల్ రూపాన్ని ఏఐలో నకలు తీసి వాడకూడదు. మనకి అట్లాంటి చట్టం లేదు, కాబట్టి ఆ రెండూ నీ కాంట్రాక్టులో నువ్వే రాయించుకోవాలి. అంబర్ వాలెట్టా అయితే ఎప్పటినుంచో పెద్ద మోడల్, 2021 లో బ్రిటిష్ వోగ్ అనే ఫ్యాషన్ పత్రికకి సస్టైనబిలిటీ ఎడిటర్‌గా చేరింది, ఆమె దారి వేరు. నీకు సారా జిఫ్ దారే దగ్గర.

నీ మాట ఎవరు వింటారు అంటే, నువ్వు నిజంగా తెలిసిన విషయం మాట్లాడితే వింటారు. ఆర్కిటిక్ మంచు గురించి నువ్వు రీల్ చేస్తే అది వెయ్యిలో ఒకటి. కానీ ఒక రంగునీళ్ళ శాంపిల్ తీసుకుని టీడీఎస్ (నీళ్ళలో కరిగిన లవణాల లెక్క), పీహెచ్ కొలిచి, ఇదిగో ఇది బోరునీళ్ళు, ఇది అద్దకం నీళ్ళు అని చూపించే మోడల్ ఎంతమంది ఉన్నారు చెప్పు? అమ్మ చీరని మళ్ళీ కట్టి, దాని జాకెట్టుని భవానీ నగర్ టైలర్ దగ్గర ఇప్పి కుట్టించి, చినిగిన చోట రఫూ చేయించి అదే చీరతో నాలుగు ఫోటోలు పెట్టు. పాతబట్టలు తీసుకుని స్టీలు గిన్నెలు ఇచ్చే ఆమె మీ వీధికి కూడా వస్తుంది గదా, ఆ బట్టలు తర్వాత యాడికి పోతాయో ఆమెనే అడిగి, ఆమె ఇష్టపడితే ఆమెతోనే చెప్పించు. మన ఇళ్ళలో పాత చీరలతో బొంతలు కుట్టేవాళ్ళు ఇంకా ఉన్నారు. ఇవేవీ విదేశీ మాటలు కావు, మనవాళ్ళకి ఒక్క ముక్కలో అర్థమవుతాయి.

ఇంట్లోవాళ్ళ భయం గురించి రాశావు, అది న్యాయమైన భయమే. షూట్ యాడ, ఎవరెవరు ఉంటారు, ఎన్ని గంటలకి అయిపోతుంది అన్నీ ముందే రాయించుకో, మొదటి షూట్‌కి మీ అమ్మనో అన్ననో తీసుకుని పో, వద్దన్నారంటే ఆ పని వద్దు. పోర్ట్‌ఫోలియో చేయిస్తాం, రిజిస్ట్రేషన్‌కి కట్టండి అని ఎవరన్నా డబ్బులు అడిగితే అక్కడే ఆపెయ్, మోడల్‌కి డబ్బులు రావాలి గానీ మోడల్ కట్టకూడదు. ఫోటోలు ఎన్నాళ్ళు వాడతారు, ఏ ఏ చోట్ల వాడతారు, ఆ గడువు దాటితే ఎంతిస్తారు, వాళ్ళు చెప్పిన పర్యావరణం మాటలు అబద్ధమని తేలితే నా ఫోటోలు తీసేయాలి అనే లైను, ఇవి మర్చిపోవద్దు. కాంట్రాక్టు ఇంగ్లీషులో పది పేజీలు ఉంటుంది, లాయర్‌కి చూపించు. లాయర్ ఫీజు భారం అనుకుంటే కోర్టు ఆవరణలో ఉండే న్యాయసేవాధికార సంస్థ ఆఫీసులో అడుగు, 1987 చట్టం ప్రకారం ఆడవాళ్ళకి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసాయం ఉంది.

ఈమెయిల్ తెలుగులో రాసినా పర్వాలేదు, ఇంగ్లీషులో రాసినా పర్వాలేదు, కానీ ఐదు ప్రశ్నలు మించొద్దు, మించితే జవాబివ్వకుండా తప్పించుకోవడానికి వాళ్ళకి సాకు దొరుకుతుంది. నేత యాడ, అద్దకం యాడ, అద్దకం నీళ్ళ శుద్ధి ఎట్ల, సర్టిఫికెట్ నంబర్ ఏంది, నా రంగు మార్చకుండా ఉంటారా. వారం టైమియ్యి. జవాబొచ్చినాక బ్రాండ్ పేరు తీసేసి ఆ సర్టిఫికెట్ వివరాలు ఇక్కడ పెట్టు, నేనూ చూస్తా, అద్దకం పనిలో ఉండేవాళ్ళు ఇంకా కొందరు ఇక్కడ ఉన్నారు, వాళ్ళనీ చూడమంటా.